గర్భం నిలవకపోవడం, మాయ, యాంటీబాడీలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

విజయనగరంలో గర్భిణుల ఓపీలో స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. బొబ్బిలి, రాజాం, చీపురుపల్లి, పాలకొండ నుంచి వస్తారు, అప్పుడప్పుడు ఇచ్ఛాపురం నుంచి రాత్రి రైలెక్కి వచ్చేవాళ్లూ ఉంటారు. డాక్టర్ గారి గదిలోంచి బయటికి రాగానే రిపోర్టు నా చేతిలో పెట్టి "ఇందులో ఏటి రాసేరమ్మా?" అని అడుగుతారు. యాంటీబాడీల రిపోర్టు వచ్చినప్పుడైతే అందరి సందేహాలూ దాదాపు ఒక్కటే. వాటికి నిలబడి చెప్పే జవాబులను ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. మందు ఎంత వాడాలన్నది మాత్రం మీ చీటీలో ఉన్నదే ప్రమాణం.

## గర్భం పోయిన తరువాత

రెండుసార్లు మూడో నెలలోనే పోయింది. బరువులెత్తడం వల్లేనా?

కాదమ్మా. బిందె మోసినందుకు, బస్సులో కుదుపులు తిన్నందుకు, గ్రహణం రోజు బయటికి వచ్చినందుకు గర్భం పోదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, పిండంలో క్రోమోజోములు సరిగ్గా కుదరక పోయేవే. అది ఎవరి చేతిలోనూ లేనిది. మరికొందరిలో తల్లి రక్తంలోని కొన్ని యాంటీబాడీలు, కడుపులో బిడ్డకు రక్తం, ఆహారం అందించే మాయను సరిగ్గా ఎదగనివ్వవు. అదీ ఎవరి తప్పూ కాదు, కానీ దానికి పరీక్ష ఉంది, మందు ఉంది. ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని తప్పుపడుతుంటే ఈ జవాబు చదివి వినిపించండి.

సొంత ఒంటిలోని యాంటీబాడీలు మన మీదే ఎందుకు తిరగబడతాయి?

యాంటీబాడీలు ఒంటిని కాపలా కాసే ప్రోటీన్లు. బయటి నుంచి వచ్చిన క్రిమిని గుర్తుపట్టి పట్టుకోవడం వాటి పని. కొందరిలో ఆ గుర్తింపు తప్పుతుంది. ఇంటి మనిషినే దొంగ అనుకుని పట్టుకుంటాయి. దీన్నే ఆటోఇమ్యూన్ అంటారు. గర్భానికి సంబంధించి ఎక్కువ ఇబ్బంది పెట్టేవి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. ఇవి ఉండి, వాటివల్ల రక్తం గడ్డలు కట్టడమో గర్భాలు దెబ్బతినడమో జరిగితే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అంటారు. చీటీల మీద ఏపీఎస్ అని రాసేది దీన్నే. లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ 1983లో దీన్ని ఒక ప్రత్యేక జబ్బుగా వివరించారు. పాపం మన అమ్మమ్మల కాలంలో ఈ జబ్బున్న ఆడవాళ్లను గొడ్రాలనీ, గాలి సోకిందనీ అన్నారు.

మేనబావను చేసుకున్నాను. అందుకేనా?

మన వైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ అనుమానం చాలామందికి వస్తుంది. దగ్గరి చుట్టరికంలో పెళ్లి అయితే బిడ్డకు కొన్ని జన్యు జబ్బులు వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు తల్లి ఒంటిలో తయారయ్యేవి. బయటి సంబంధం చేసుకున్నా ఇవి ఉండేవే. డాక్టర్ గారికి మేనరికం సంగతి మాత్రం తప్పకుండా చెప్పండి, వేరే కారణాలు కూడా చూడాలి కదా.

ఎన్నిసార్లు పోతే ఈ పరీక్షలు చేయించాలి?

2006 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం మూడు సందర్భాలు. పదో వారం లోపు కారణం తెలియకుండా వరసగా మూడు గర్భాలు పోవడం ఒకటి. పదో వారం దాటాక, అవయవాలన్నీ బాగున్న బిడ్డ కడుపులోనే చనిపోవడం రెండోది, ఇది ఒక్కసారి జరిగినా చాలు. తీవ్రమైన బీపీ వల్లో, మాయ సరిగ్గా పనిచేయకో 34 వారాల లోపే కాన్పు చేయాల్సి రావడం మూడోది. ఇప్పుడు చాలామంది డాక్టర్లు రెండు గర్భాలు పోయాకే పరీక్షలు రాస్తున్నారు, అది నాకు సబబుగానే తోస్తుంది. మూడో దుఃఖం కోసం ఎందుకు ఎదురుచూడాలి? కాళ్లలో రక్తం గడ్డ కట్టినా, చిన్న వయసులో పక్షవాతం వచ్చినా గర్భంతో సంబంధం లేకుండా ఈ పరీక్షలు అవసరం.

నాకు లూపస్ లేదన్నారు. మరి ఈ యాంటీబాడీలు ఎలా వచ్చాయి?

లూపస్ అంటే చర్మం, కీళ్లు, కిడ్నీల మీద ఒళ్లే తిరగబడే మరో ఆటోఇమ్యూన్ జబ్బు. అది ఉన్నవాళ్లలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి, నిజమే. కానీ మరే జబ్బూ లేనివాళ్లలోనూ ఉంటాయి. కీళ్ల నొప్పులు, ముక్కుకు రెండు వైపులా ఎర్రటి మచ్చలు, ఎండకు ఒళ్లు పొక్కడం, జుట్టు విపరీతంగా రాలడం ఉంటే మాత్రం డాక్టర్ గారితో చెప్పండి.

## పరీక్షల దగ్గర

మూడు పరీక్షలు రాశారు. డబ్బులకు ఇబ్బందిగా ఉంది, ఒకటి చేయిస్తే చాలదా?

చాలదమ్మా. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ అనే మూడూ వేర్వేరు. ఒకటి నెగెటివ్ వచ్చి మరొకటి పాజిటివ్ రావచ్చు. మూడూ పాజిటివ్ అయితే ప్రమాదం ఎక్కువ. మూడింటిలోకీ గర్భానికి ఎక్కువ చేటు సూచించేది లూపస్ యాంటీకోయాగ్యులెంట్. 2012లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలున్న గర్భిణులను గమనించారు. వాళ్లలో ఇది పాజిటివ్ ఉన్నవాళ్లలో 39 శాతం మందికి గర్భంలో పెద్ద సమస్యలు వచ్చాయి, లేనివాళ్లలో 3 శాతం మందికే.

లూపస్ యాంటీకోయాగ్యులెంట్ పరీక్షకు రక్తం నీలం మూత గొట్టంలో తీస్తారు. గొట్టం మీద గీత దాకా సరిగ్గా నిండాలి. తరువాత ల్యాబ్ మెషీన్‌లో రెండుసార్లు తిప్పి ప్లేట్‌లెట్లు లేకుండా ప్లాస్మా వేరు చేయాలి, దూరం పంపేటట్లయితే ఆ ప్లాస్మాను ఫ్రీజ్ చేసి పంపాలి. సగం నిండిన గొట్టాన్ని మామూలుగా బస్సులో విశాఖ పంపిస్తే రిపోర్టును నమ్మలేం. రక్తం ఇచ్చేటప్పుడు "శాంపిల్ ఎలా పంపుతారు?" అని అడగడానికి మొహమాటపడకండి. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే ఈ రక్తం ఇస్తే మంచిది, ఆ మందు ఫలితాన్ని తారుమారు చేయగలదు.

పాజిటివ్ వచ్చాక మళ్లీ 12 వారాలు ఆగి చేయించమన్నారు. ఎందుకు?

జ్వరాలు, ఇన్ఫెక్షన్లు వచ్చినప్పుడు ఈ యాంటీబాడీలు కొన్ని రోజులు కనిపించి పోతాయి. అలాంటివి మాయకు హాని చేయవు. కనీసం 12 వారాల ఎడంతో రెండుసార్లు పాజిటివ్ వస్తేనే అవి నిలిచి ఉన్నాయని నమ్ముతారు. చాలామంది ఇక్కడే జారిపోతున్నారు. మొదటి రిపోర్టు చూసి భయపడతారు, తరువాత నాట్లు, పెళ్లిళ్లు, సిరిమాను పండగ వచ్చి రెండో పరీక్ష మరిచిపోతారు. ఈలోగా మళ్లీ గర్భం వస్తుంది. తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆ మధ్యలో గర్భం వస్తే మాత్రం 12 వారాలు నిండలేదని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే రండి.

గర్భిణుల చెకప్‌లో వీడీఆర్‌ఎల్ పాజిటివ్ అన్నారు. మా ఇంట్లో పెద్ద గొడవైంది. అది సుఖవ్యాధేనా?

దయచేసి ముందు గొడవ ఆపండి. వీడీఆర్‌ఎల్ సిఫిలిస్ కోసం చేసే పరీక్షే, కానీ అది సిఫిలిస్ క్రిమిని నేరుగా చూడదు. అందులో వాడేది కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థం. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే శాస్త్రవేత్త ఎద్దు గుండె నుంచి దాన్ని వేరు చేశారు. తల్లి రక్తంలో యాంటీకార్డియోలిపిన్ యాంటీబాడీలు ఉంటే, ఏ సుఖవ్యాధీ లేకపోయినా ఈ పరీక్ష పాజిటివ్ చూపించవచ్చు.

కొన్నేళ్ల కిందట ఒక చెల్లెమ్మ మా ఓపీకి వచ్చింది. వేరే చోట వీడీఆర్‌ఎల్ పాజిటివ్ అని ఒక కాగితం చేతిలో పెట్టి, మరో మాట చెప్పకుండా పంపేశారు. అత్తగారు ఆమెను కన్నవారింట్లో వదిలేసి వెళ్లిపోయారు. భర్త వచ్చాడు గానీ ఎవరి ముఖమూ చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సిఫిలిస్ అవునో కాదో తేల్చే టీపీహెచ్‌ఏ పరీక్ష చేయిస్తే నెగెటివ్. అంతకు ముందు ఆమెకు ఐదో నెలలో ఒక బిడ్డ కడుపులోనే చనిపోయాడని అప్పుడు చెప్పింది. యాంటీకార్డియోలిపిన్ చూస్తే బాగా ఎక్కువగా ఉంది. ఆ కాగితం ఇచ్చినవాళ్లు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ ఆడపిల్ల అన్ని రోజులు ఏడ్చేది కాదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది.

కాబట్టి వీడీఆర్‌ఎల్ పాజిటివ్ వస్తే టీపీహెచ్‌ఏ తప్పక చేయించండి. అది కూడా పాజిటివ్ అయితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమవుతుంది, భార్యాభర్తలిద్దరూ చికిత్స తీసుకోవాలి. నెగెటివ్ అయితే, ముఖ్యంగా ముందు గర్భాలు పోయి ఉంటే, యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు అడగండి.

రిపోర్టులో ఏపీటీటీ ఎక్కువ ఉంది. అంటే రక్తం పలచన కదా, మళ్లీ పలచన చేసే మందులెందుకు?

చాలా మంచి ప్రశ్న. ఏపీటీటీ అంటే ల్యాబ్‌లో రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం. ల్యాబ్ గొట్టంలో ఈ యాంటీబాడీలు పరీక్షకు వాడే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థాన్ని పట్టేసుకోవడం వల్ల రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఒంట్లో జరిగేది దానికి తలకిందులు, అక్కడ గడ్డలు కట్టే గుణం పెరుగుతుంది. లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అన్న పేరు చూసి లూపస్ ఉందనీ, రక్తం పలచబడిందనీ అనుకుంటారు. రెండూ నిజం కాదు.

ఏఎన్‌ఏ పాజిటివ్ వచ్చింది, భయంగా ఉంది.

ఏఎన్‌ఏ అంటే సొంత కణాల కేంద్రకాన్ని పట్టుకునే యాంటీబాడీలు. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లలో కూడా ఇది తక్కువ మోతాదులో పాజిటివ్ రావడం మామూలే. అదొక్కటే గర్భం పోవడానికి కారణమని చెప్పలేం. లక్షణాలు ఉంటే తరువాతి పరీక్షలు చేస్తారు, లేకపోతే టెన్షన్ పడకండి.

థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నాయన్నారు. అవీ మాయను పాడుచేస్తాయా?

టీపీఓ అనే థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్నవాళ్లలో గర్భం పోవడం కొంచెం ఎక్కువ. అయితే థైరాయిడ్ సరిగ్గా పనిచేస్తున్నప్పుడు ముందుజాగ్రత్తగా థైరాక్సిన్ మాత్ర ఇస్తే లాభం ఉందా అని బ్రిటన్‌లో పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం బిడ్డ పుట్టే అవకాశం దానివల్ల పెరగలేదు. టీఎస్‌హెచ్ ఎక్కువగా ఉంటే మాత్రం మాత్ర తప్పనిసరి.

## మాయలో జరిగేది

అసలు ఈ యాంటీబాడీలు మాయను ఏం చేస్తాయి?

గర్భం మొదట్లో పిండం పైపొరలో ట్రోఫోబ్లాస్ట్ అనే కణాలుంటాయి. మాయ తయారయ్యేది వీటి నుంచే. నాటిన నారు మడిలో వేరు పట్టినట్టు ఇవి గర్భసంచి గోడలోకి దిగుతాయి. అక్కడ తల్లి రక్తనాళాలు సన్నగా, మెలికలు తిరిగి ఉంటాయి. ట్రోఫోబ్లాస్ట్ కణాలు ఆ నాళాల గోడల్లోకి చొరబడి, పిల్లకాలువను తవ్వి పెద్ద కాలువ చేసినట్టు వెడల్పు చేస్తాయి. ఇరవయ్యో వారం నాటికి ఈ పని దాదాపు పూర్తి కావాలి. అప్పుడు రక్తం నిదానంగా, నిండుగా మాయలోకి పారుతుంది.

ఈ కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పొరగా మారేటప్పుడు, లోపలి వైపు ఉండాల్సిన ఫాస్ఫోలిపిడ్లు కొన్ని బయటికి తిరుగుతాయి. రక్తంలో ఉండే బీటా-2 గ్లైకోప్రోటీన్ వాటికి అంటుకుంటుంది. యాంటీబాడీలు వచ్చి పట్టుకునేది ఆ ప్రోటీన్‌నే. మిగతా అవయవాలను వదిలి మాయ మీదే ఇంత దెబ్బ పడడానికి ఇదొక ముఖ్య కారణం.

పట్టుకున్నాక ఆ కణాలు సరిగ్గా పెరగవు, గోడలోకి లోతుగా దిగవు, గర్భాన్ని నిలిపే హెచ్‌సీజీ హార్మోను తక్కువ తయారుచేస్తాయి. అక్కడ వాపు మొదలవుతుంది. కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్లు రెచ్చిపోయి తెల్లకణాలను పిలుస్తాయి. రక్తం గడ్డకట్టకుండా మాయ మీద దుప్పటిలా పరుచుకుని ఉండే అనెక్సిన్-5 పొర కూడా చెదురుతుంది. కాలువ వెడల్పు కాదు. పైపు నోరు వేలితో నొక్కితే నీళ్లు ఎలా చిమ్ముతాయో, సన్నని నాళంలోంచి రక్తం అలా వేగంగా వచ్చి మాయలోని సుకుమారమైన కొమ్మలను దెబ్బతీస్తుంది.

మాయలో గడ్డలు కట్టడమే అంతా అని చాలాకాలం అనుకున్నారు. కానీ ఇలా పోయిన గర్భాల్లో చాలావాటి మాయల్లో పెద్ద గడ్డలే కనబడలేదు. 2004లో చిట్టెలుకల మీద చేసిన ప్రయోగంలో హెపారిన్ గర్భాన్ని కాపాడింది, గడ్డకట్టడాన్ని అంతే బాగా ఆపే వేరే మందులు కాపాడలేకపోయాయి. తేడా ఏమిటంటే హెపారిన్ కాంప్లిమెంట్‌ను కూడా అణుస్తుంది. మీ పొట్ట మీద వేసే ఇంజెక్షన్ రక్తాన్ని పలచన చేయడం ఒక్కటే కాకుండా మాయలో వాపును తగ్గించే పని కూడా చేస్తుందని అందుకే చెబుతున్నాను.

నాకు మూడో నెలలో పోయింది, మా అప్పకు ఏడో నెలలో బీపీ వచ్చింది. ఇద్దరికీ ఇదే జబ్బెలా అవుతుంది?

దెబ్బ ఎంత గట్టిగా, ఎప్పుడు తగిలిందన్నదే తేడా. మాయ వేరు పట్టే దశలోనే కణాలు ఆగిపోతే గర్భం మొదట్లోనే పోతుంది. కొంతవరకు పట్టి, రక్తనాళాలు సరిగ్గా వెడల్పు కాకపోతే ఐదారు నెలల దాకా ఎలాగో లాక్కొస్తుంది. బిడ్డ అవసరాలు పెరిగే కొద్దీ మాయ అందించలేదు. బిడ్డ ఎదుగుదల తగ్గుతుంది. ఇబ్బందిపడుతున్న మాయ కొన్ని ప్రోటీన్లను తల్లి రక్తంలోకి వదులుతుంది, అవి తల్లి రక్తనాళాల మీద పనిచేసి బీపీ పెంచుతాయి. దాన్నే ప్రీఎక్లాంప్సియా అంటారు.

ఈ యాంటీబాడీలు బిడ్డకు కూడా వెళతాయా?

ఐజీజీ రకం యాంటీబాడీలను మాయ తనే మోసుకెళ్లి బిడ్డకు అందిస్తుంది. టీకాల రక్షణ బిడ్డకు చేరేది కూడా ఆ దారినే. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు అలా వెళ్లినా పుట్టిన బిడ్డకు వాటివల్ల హాని చాలా అరుదు, కొన్ని నెలల్లో వాటంతటవే పోతాయి.

చూసుకోవలసింది యాంటీ-ఆర్‌ఓ అనే మరో రకం. లూపస్, కళ్లు, నోరు ఎండిపోయే షోగ్రెన్ జబ్బు ఉన్నవాళ్లలో, ఒక్కోసారి ఏ లక్షణమూ లేనివాళ్లలో ఇది ఉంటుంది. ఈ తల్లులు 100 మందిలో ఒకరిద్దరి బిడ్డలకు గుండెలోని కరెంటు దారి దెబ్బతిని గుండె మరీ నిదానంగా కొట్టుకుంటుంది. ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్య బయటపడుతుంది. ఒక బిడ్డకు అలా జరిగి ఉంటే తరువాతి గర్భంలో ముప్పు బాగా పెరుగుతుంది, 100లో 15 నుంచి 20 దాకా. అలాంటి తల్లులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే లూపస్ మాత్ర తొలి నెలల నుంచే ఇస్తే ఆ ముప్పు తగ్గుతుంది. ఆ వారాల్లో బిడ్డ గుండె స్కాన్ కోసం విశాఖ వెళ్లమంటే వాయిదా వేయకండి.

## గర్భం వచ్చాక

ఇన్ని మందులు వాడినా బిడ్డ దక్కుతుందా?

చికిత్స తీసుకున్నవాళ్లలో 100కు 70 మందికి పైగా బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళుతున్నారు. మూడు యాంటీబాడీలూ ఉన్నవాళ్లకు, ముందు రక్తం గడ్డలు కట్టినవాళ్లకు కష్టం ఎక్కువ. అయినా మందు లేకుండా వదిలేయడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఆస్పిరిన్ గుండెజబ్బు మాత్ర కదా, గర్భిణికి ఇస్తారా?

ఇస్తారు. ఇది చిన్న మోతాదు, 75 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య. ఏపీఎస్ ఉన్నవాళ్లకు గర్భం రాకముందే, లేదా వచ్చిందని తెలియగానే మొదలుపెడతారు. తలనొప్పికి వాడే పెద్ద మోతాదు మాత్రతో దీన్ని కలపకండి. మందుల షాపువాళ్లు "గర్భిణికి ఇది వద్దమ్మా" అని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. చీటీ చూపించండి.

హెపారిన్ ఇంజెక్షన్ రోజూ ఇంట్లో వేసుకోగలనా? చేయి వణుకుతోంది.

వేసుకోగలరు. మొదటి రోజు అందరి చేయీ వణుకుతుంది. మా దగ్గర ఒక తల్లి మొదటిసారి సూది పట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయింది. నెల తిరిగేసరికి పక్కన కూర్చున్న మరో గర్భిణికి తనే నేర్పింది.

చేతులు కడుక్కోండి. బొడ్డుకు కనీసం రెండు అంగుళాల దూరంలో, పొట్ట పక్క భాగంలో చోటు చూసుకోండి. ఈరోజు కుడివైపు అయితే రేపు ఎడమవైపు. మందు నింపే వచ్చే సిరంజిలో కనిపించే గాలి బుడగను బయటికి కొట్టకండి, అది ఉండాల్సిందే. చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టుకుని సూదిని నిటారుగా పూర్తిగా దించండి. మందు నిదానంగా వదలండి, సూది తీసేదాకా మడత వదలకండి. తరువాత రుద్దవద్దు. రుద్దితే నల్లగా కములుతుంది. కొంచెం కమిలినా భయం లేదు.

ఈ మందు మాయ దాటి బిడ్డకు వెళ్లదు. ముందునుంచీ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నవాళ్లను గర్భం రాగానే దీనికి మార్చేది అందుకే. వార్ఫరిన్ మాయను దాటుతుంది, ఆరు నుంచి 12 వారాల మధ్య బిడ్డ ముక్కు, ఎముకలు దెబ్బతినవచ్చు.

మా ఊళ్లో కరెంటు పోతుంటుంది. ఎండాకాలం ఇంజెక్షన్లు పాడవవా?

డబ్బా మీద రాసిన వేడి హద్దు చూడండి, సాధారణంగా 25 డిగ్రీలకు మించకూడదని ఉంటుంది. పొయ్యి పక్కన, రేకుల కప్పు కింద అలమరలో పెట్టకండి. ఇంట్లో చల్లగా, నీడగా ఉండే చోట ఉంచండి. ఫ్రీజర్‌లో మాత్రం అసలు వద్దు. నెలకు సరిపడా ఒకేసారి కొనకుండా పది రోజులకోసారి కొనుక్కుంటే బాగుంటుంది.

నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

వద్దు. హెపారిన్ వాడుతున్నప్పుడు కండలోకి వేసే సూది వల్ల లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బవచ్చు. పైగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఇరవయ్యో వారం నుంచి బిడ్డ కిడ్నీల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. నొప్పికి పారాసెటమాల్ చాలు. టీడీ టీకా మాత్రం మానకూడదు. వేసే ఏఎన్‌ఎంకు హెపారిన్ సంగతి ముందే చెప్పి, వేశాక ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి.

లూపస్ మందులు వాడుతున్నాను. గర్భం వచ్చిందని అన్నీ ఆపేశాను, మంచిదేనా?

అన్నీ ఆపేయడం ప్రమాదం. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపితే లూపస్ రేగుతుంది, మాయకు, కిడ్నీలకు అదే ఎక్కువ చేటు. అజాథయోప్రిన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసొలోన్ కూడా గర్భంలో వాడేవే. గర్భంలో ఉండకూడనివి మైకోఫినోలేట్, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్. వీటిని గర్భం కోసం ప్రయత్నించక ముందే డాక్టర్ గారు మార్చాలి. లూపస్ కనీసం ఆరు నెలలు నెమ్మదిగా ఉన్నాక గర్భం వస్తే తల్లికీ బిడ్డకీ క్షేమం.

జీడితోట పనికి వెళ్లవచ్చా? ఏమి తినాలి?

లూపస్ ఉంటే మధ్యాహ్నపు ఎండ జబ్బును రేపుతుంది. ఉదయం పెందలాడే వెళ్లి, నిండు చేతుల జాకెట్టు, తలకు గుడ్డ కట్టుకుని, ఎండెక్కేలోపు వచ్చేయండి. లూపస్ లేని ఏపీఎస్‌కు ఎండతో పట్టింపు లేదు.

యాంటీబాడీలను తగ్గించే తిండి అంటూ ఏదీ లేదు. బొప్పాయి మానినా, కషాయాలు తాగినా అవి పోవు. హెపారిన్ ఎక్కువ నెలలు వాడితే ఎముకల్లో సున్నం తగ్గవచ్చు, అందుకే క్యాల్షియం మాత్రలతో పాటు చోడి అంబలి, పాలు, చిన్న చేపలు తీసుకోమంటాను.

## ఐదో నెల నుంచి

స్కాన్‌లో బిడ్డ బాగుందన్నారు. మళ్లీ డాప్లర్ ఎందుకు?

మామూలు స్కాన్ బిడ్డను చూపిస్తుంది, డాప్లర్ బిడ్డకు వచ్చే రక్తప్రవాహాన్ని చూపిస్తుంది. ఇరవై, ఇరవై నాలుగు వారాల మధ్య గర్భసంచి నాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటే మాయ కాలువలు సరిగ్గా తెరుచుకోలేదని అర్థం. తరువాత మూడు నాలుగు వారాలకోసారి బిడ్డ ఎదుగుదల, బొడ్డుతాడులో ప్రవాహం చూస్తారు. ప్రతి నెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు, ఆ రోజు ఆశా కార్యకర్తతో వెళ్లి హైరిస్క్ అని కార్డు మీద రాయించుకోండి.

కాళ్లకు నీరు పట్టింది. అందరికీ వచ్చేదే కదా?

కాళ్ల వాపు ఒక్కటే అయితే చాలామందికి ఉండేదే. కానీ బీపీ చూపించకుండా ఆ మాట అనుకోకూడదు. 140/90 దాటినా, మూత్రంలో ప్రోటీన్ పోతున్నా అది వేరే సంగతి. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ముఖం ఉబ్బడం, వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. ఊళ్లో గుర్రపువాతం అని చెప్పుకునే ఫిట్స్ దీని తరువాతి మెట్టే.

మాది ఉద్దానం. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. అది కిడ్నీ జబ్బా, గర్భం వల్లా?

కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఈ చిక్కు మనకు నిజంగానే ఉంది. గర్భంతో వచ్చే బీపీ, లూపస్ కిడ్నీ, ముందునుంచీ ఉన్న కిడ్నీ జబ్బు మూడింటిలోనూ ప్రోటీన్ పోవచ్చు. విడదీసి చూడాలంటే గర్భానికి ముందు లెక్కలు కావాలి. అందుకే ఆ ప్రాంతం ఆడపిల్లలు పెళ్లయిన కొత్తలోనే కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించి రిపోర్టు దాచుకుంటే, ఐదో నెలలో డాక్టర్ గారి పని సగం తేలికవుతుంది.

బిడ్డ కదలికలు తగ్గినట్టుంది. ఎలా తెలుసుకోవాలి?

భోజనం చేసి ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే ఆసుపత్రికి వచ్చేయండి. రోజూ తన్నే బిడ్డ ఈరోజు మౌనంగా ఉందని తల్లికి అనిపిస్తే, లెక్క సరిపోయినా రమ్మంటాను.

## కాన్పు, బాలింత రోజులు

తప్పకుండా ఆపరేషనేనా?

కాదు. బిడ్డ ఎదుగుదల, బీపీ బాగుంటే మామూలు కాన్పు అవుతుంది. కాకపోతే ముందే తేదీ అనుకుని చేస్తారు. నొప్పులు మొదలవగానే తరువాతి హెపారిన్ డోసు వేసుకోకుండా రండి. వెన్నులో మత్తు ఇవ్వాలంటే చిన్న డోసు వేసి 12 గంటలు, పెద్ద డోసు అయితే 24 గంటలు దాటాలి. చివరి ఇంజెక్షన్ ఎన్ని గంటలకు వేశారో కాగితం మీద రాసి తెండి.

మాయను పారేస్తారు కదా. దాన్ని పరీక్షకు పంపడం అవసరమా?

అవసరమే. మీరే అడగండి. కాన్పు కాగానే మేం మాయను స్టీలు ట్రేలో పెట్టి, కడిగి, తిప్పి చూస్తాం. నెలలు నిండిన మంచి మాయ అరకిలో దాకా తూగుతుంది. ముదురు ఎరుపు, వేలితో నొక్కితే అంతటా ఒకే మెత్తదనం. ఒకసారి ఎనిమిదో నెలలో కాన్పు చేసిన తల్లి మాయ నా చేతిలోకి వచ్చింది. అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. అక్కడక్కడ ఎండు కొబ్బరి ముక్కలా గట్టిగా, తెల్లటి పసుపు మచ్చలు. రక్తం అందక చచ్చిపోయిన భాగాలవి. మిగిలిన ఆ కాస్తతోనే బిడ్డ అన్ని వారాలు బతికింది. ఆ పిల్ల పెట్టెలో పడుకుని ఏడుస్తుంటే నేను ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పరీక్ష రిపోర్టు తరువాతి గర్భానికి దారి చూపిస్తుంది. బిడ్డ చనిపోయి పుట్టినప్పుడు దుఃఖంలో ఎవరికీ ఇది గుర్తుకు రాదు. ఆ సమయంలో పక్కనున్నవాళ్లు ఎవరైనా అడగాలి.

బాలింతకు పథ్యం పెట్టి, నీళ్లు తగ్గించి, మంచం దిగనివ్వడం లేదు. పర్వాలేదా?

ఈ జబ్బున్న బాలింతకు అది ప్రాణాల మీదికి తెస్తుంది. కాన్పు తరువాత ఆరు వారాలు రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే ఎక్కువ. దానికి యాంటీబాడీలు, తాగే నీళ్లు తగ్గడం, కదలకపోవడం కలిస్తే పిక్కలో గడ్డ కట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, తెలియక. అమ్మమ్మలకు, అత్తలకు నేను చెప్పేది ఒకటే: కోడలికి చెవులకు గుడ్డ కట్టండి, వేడి చారు పెట్టండి, కానీ దాహం వేసినన్ని నీళ్లు ఇవ్వండి, గదిలో నడవనివ్వండి. హెపారిన్ చీటీలో ఉన్నన్నాళ్లూ, సాధారణంగా ఆరు వారాలు, ఆపవద్దు. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రి.

ఈ మందులు వాడుతూ పాలివ్వవచ్చా?

హెపారిన్, వార్ఫరిన్, చిన్న మోతాదు ఆస్పిరిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతూ నిశ్చింతగా పాలివ్వవచ్చు.

ఇంకో బిడ్డకు ఎడం కావాలి. మాలా-ఎన్ వాడవచ్చా?

వద్దు. అందులో ఈస్ట్రోజెన్ ఉంటుంది, అది రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. అంతరా ఇంజెక్షన్ కూడా సాధారణంగా వీళ్లకు సూచించరు. కాపర్-టీ మంచిది. ఇక పిల్లలు చాలనుకుంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు, ముందు రోజుల్లో హెపారిన్ గురించి డాక్టర్ గారితో మాట్లాడాలి.

బిడ్డ పుట్టింది కదా, ఇక ఆ పాత రిపోర్టులు ఉంచాలా?

ఉంచాలి. యాంటీబాడీలు కాన్పుతో పోవు. రేపు కాలు విరిగి కట్టు కట్టినా, అపెండిక్స్ ఆపరేషన్ అయినా, డాక్టర్ గారికి ఈ సంగతి తెలిస్తే గడ్డలు కట్టకుండా ముందే జాగ్రత్త తీసుకుంటారు. రెండు యాంటీబాడీ రిపోర్టులు, మాయ పరీక్ష రిపోర్టు, డిశ్చార్జి కాగితం కలిపి ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, రేషన్ కార్డు ఉండే చోటే ఉంచండి. ఎక్కడుందో ఇంట్లో మరొకరికి కూడా తెలియాలి.